బానెట్ లోపల, బండి కింద: చెన్నైలో కారు కడిగే పద్ధతి

ఇంజన్ మీద నీళ్ళు పోయొచ్చా? బండి కింద ఎంత ప్రెషర్‌తో కొట్టాలి? ఈ విషయంలో ఎక్కువమంది అడిగేవి ఈ రెండే. రెండు చోట్లా పద్ధతి పూర్తిగా వేరు. బానెట్ లోపల నీళ్ళు ఎంత తక్కువైతే అంత మంచిది. బండి కింద మాత్రం నీళ్ళు ధారాళంగా పారాలి, కానీ ప్రెషర్ పెద్దగా అక్కర్లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇంజన్ మీద పైపు పెట్టి కొడతారు, కింద రెండు నిమిషాలు చల్లి వదిలేస్తారు.

చెన్నైలో బండి అడుగుకు ఇద్దరు శత్రువులు. ఒకటి ఉప్పు. తిరువాన్మియూరు, బెసంట్ నగర్, ఈసీఆర్ (సముద్రం పక్కగా వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొడవునా గాలిలోనే ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి అది పట్టిన ఇనుము వాన లేని రోజున కూడా తడిగానే ఉంటుంది. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోడ్ల మీద నిలిచే నీళ్ళతో వచ్చే బురద. అది సందుల్లో చేరి, పైకి ఎండి, లోపల వారాల తరబడి తడిగా ఉంటుంది. బండి అడుగు విషయంలో మనం చెప్పేదంతా ఈ రెండింటినీ బయటికి పంపడం గురించే. మెరుపు సంగతి తర్వాత.

1. రోజు, చోటు, నీళ్ళు

పొద్దున 6 నుంచి 8 మధ్య మొదలుపెట్టండి. ఎండ ఎక్కాక క్లీనర్ పోసినచోటే ఆరిపోయి ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు పడతాయి. వాన పడేలా ఉన్న రోజు, సాయంత్రం పూట వద్దు. కడిగాక బండి ఆరడానికి సగం రోజు కావాలి.

మొత్తం పనికి మూడు నుంచి నాలుగు గంటలు పెట్టుకోండి. పై నుంచి కిందికి రావాలి: మొదట బానెట్ లోపల, తర్వాత చక్రాల గూళ్ళు, తర్వాత అడుగుభాగం, చివరగా బాడీ. ముందే బాడీ కడిగేస్తే అదే పని మళ్ళీ చేయాలి.

అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో ఈ పని పెట్టుకోకండి. నీళ్ళు లిఫ్ట్ గుంటలోకి పోతే సంఘం వాళ్ళతో గొడవ ఒక్కటే కాదు, లిఫ్టే ఆగిపోవచ్చు. అంతకంటే ముఖ్యమైన విషయం వాననీటి గుంట. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. మీ ఆవరణలో గ్రిల్ వేసి ఉన్న ఆ గుంటల్లోకి గ్రీజు, డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) కలిసిన నీళ్ళు పోతే అవి నేరుగా మీ బోరు చుట్టూ ఉన్న భూమిలోకే ఇంకుతాయి. మురుగు లైనులో కలిసే చోట కడగండి. లేదంటే ఇంజన్ పని వాటర్ వాష్ షెడ్డులోనే కానివ్వండి.

ఇక నీళ్ళు. సముద్రానికి దగ్గరున్న పేటల్లో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పు కడగడానికి ఉప్పునీళ్ళే వాడితే చేసిన పనికి అర్థం లేదు. బురద వదలగొట్టడానికి బోరు నీళ్ళు ఫరవాలేదు. చివరి కడుగు మాత్రం మెట్రో వాటర్‌తోనో (నగర కుళాయి నీళ్ళు), సంపులో పట్టిన వాన నీళ్ళతోనో చేయాలి. వృథా చేయకూడదనే మంచి ఉద్దేశంతో ఆర్‌ఓ మిషను వదిలే నీళ్ళు పట్టి కారు కడిగేవాళ్ళున్నారు. ఆ నీళ్ళలో లవణాలు మామూలు నీళ్ళకంటే ఎక్కువ. వాటిని నేల తుడవడానికి ఉంచండి.

2. సామాను

బానెట్ లోపలికి:

- 2 లీటర్ల చేతి పంపు స్ప్రేయర్లు రెండు: ఒకటి క్లీనర్‌కు, ఒకటి మంచినీళ్ళకు
- ఆల్ పర్పస్ క్లీనర్ లేదా నీళ్ళతో కలిసే డీగ్రీజర్, అర లీటరు
- మెత్తని పెయింట్ బ్రష్‌లు రెండు (ఒక అంగుళం, రెండంగుళాలవి), పాత టూత్ బ్రష్ ఒకటి
- మైక్రోఫైబర్ గుడ్డలు ఐదారు, పారేయడానికి సిద్ధమైన పాతవి
- పాలిథీన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, మాస్కింగ్ టేపు
- 10 మి.మీ. స్పానర్
- బ్లోయర్ లేదా గాలి కొట్టే కంప్రెసర్
- వంటసోడా, వాజలీన్

బండి కిందికి:

- ప్రెషర్ వాషర్, వెడల్పుగా పడే 40 డిగ్రీల నాజిల్. వంకర లాన్స్ (నాజిల్ బిగించే పొడవు గొట్టం) ఉంటే పని సగం తేలిక
- పొడవు పిడి ఉన్న నైలాన్ బ్రష్
- కేబుల్ టై నాలుగైదు (ఎందుకో 8వ అంచెలో)
- కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు, తలకు కట్టే లైటు
- ట్రాలీ జాకీ, జాక్ స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు

గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి. చిక్కదనం కోసం వాటిల్లో చాలావరకు ఉప్పే కలుపుతారు. లారీలు కడిగే కాస్టిక్ పౌడర్ అసలే వద్దు. ఇంజన్ మీద అల్యూమినియం భాగాలు ఎక్కువ, కాస్టిక్ తగిలితే అవి తెల్లబారి మచ్చలు పడతాయి. ఆ మచ్చలు మళ్ళీ పోవు.

3. నీళ్ళు తగలకముందే చూడాల్సినవి

బానెట్ ఎత్తగానే బ్రష్ పట్టుకోకండి. ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఆయిల్ చెమ్మ ఎక్కడుంది, కూలెంట్ ఎండిన రంగు మరక ఏ పైపు దగ్గరుంది, ఇవన్నీ కడిగితే చెరిగిపోయే ఆనవాళ్ళు. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచున తడి కనిపిస్తే గాస్కెట్ లీకు. రేడియేటర్ పైపు చివర ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో పొడి కడితే అక్కడ కూలెంట్ కారుతోంది. మెకానిక్‌కు ఆ ఫొటోలు చూపించండి. అమ్మకానికి వచ్చిన సెకండ్ హ్యాండ్ బండిలో ఇంజన్ అద్దంలా మెరుస్తుంటే అనుమానించమనేది కూడా ఇందుకే.

తర్వాత ఎలుకలు. పెంటికలు, కొరికిన స్పాంజి, గడ్డి, కొబ్బరిపీచు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి, బ్లోయర్ కొట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే జబ్బులు. మాస్కు, గ్లౌజులు వేసుకుని, క్రిమిసంహారక ద్రావణం చల్లి, ఐదు నిమిషాలాగి, తడిగుడ్డతో ఎత్తి కవర్లో మూటకట్టి పారేయండి. ఆ పక్కనే వైర్లు చూడండి. రాగి తీగ బయటపడ్డ వైరు ఒక్కటి కనిపించినా నీళ్ళ పని అక్కడితో ఆపాలి. ముందు ఎలక్ట్రీషియన్, తర్వాతే కడుగుడు.

అద్దం కింద, వైపర్ల దగ్గరుండే తొట్టిలో వేపాకులు, పూలు, కాయలు పేరుకుంటాయి. వాటిని చేత్తో తీయండి. ఆ తొట్టికి రెండు చివర్లా నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే వాన నీళ్ళు కాబిన్‌లోకి, బ్లోయర్ మోటారు మీదికి దిగుతాయి. ఒక మగ్గు నీళ్ళు పోసి ముందు చక్రం వెనక నుంచి కారుతున్నాయో లేదో చూడండి. ఈ ఒక్క పని చేసినా వానాకాలంలో సీటు కింద మ్యాటు తడిసే సమస్య చాలా బళ్ళలో తీరిపోతుంది.

4. చల్లబరచడం, కప్పడం

ఇంజన్ కాస్త గోరువెచ్చగా ఉంటే గ్రీజు సులువుగా వదులుతుంది. వేడిగా ఉంటే ప్రమాదం. కాలుతున్న ఎగ్జాస్ట్ మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చు. బండి ఆపాక పెట్రోలు బండికి 45 నిమిషాలు, టర్బో ఉన్న బండికి గంట ఆగండి. టాపెట్ కవర్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు హాయిగా ఆనించగలిగితే సరైన వేడి.

తాళం తీసి దూరంగా పెట్టండి. బటన్ స్టార్ట్ బండి అయితే తాళం ఇంట్లోనే ఉంచండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను 10 మి.మీ. స్పానర్‌తో వదులు చేసి పక్కకు పెట్టండి. గడియారం, పవర్ విండో ఆటో సెట్టింగ్ పోతాయి. కొన్ని బళ్ళలో ఐడ్లింగ్ (బండి నిలిచి ఉండగా ఇంజన్ తిరిగే తీరు) ఒకటి రెండు రోజులు కాస్త తేడాగా ఉండి సర్దుకుంటుంది.

ఇప్పుడు కవర్లు కట్టాల్సినవి:

- ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది)
- ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా)
- ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని ముందున్న గాలి నోరు
- ఇగ్నిషన్ కాయిళ్ళు (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి)
- బ్యాటరీ పైభాగం
- డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల), ఆయిల్ మూత, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత: ముందు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి తర్వాత చుట్టండి

ఎన్ని కవర్లు కట్టారో మాస్కింగ్ టేపు మీద రాసి విండ్‌షీల్డ్‌కు అంటించండి. గాలి నోటికి కట్టిన కవరు మర్చిపోయి స్టార్ట్ చేయడం ఈ పనిలో అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్ళ సంగతి వేరు. నారింజ రంగు కేబుళ్ళు కనిపిస్తే నీళ్ళు, స్ప్రే ఏవీ వద్దు. పొడి బ్రష్, పిండిన తడిగుడ్డతో ప్లాస్టిక్ మూతలు తుడిచి వదిలేయండి. సీఎన్‌జీ బండిలో రెగ్యులేటర్, ఇంజెక్టర్ రైలు మీద కూడా అంతే.

5. బానెట్ లోపల కడగడం

మొదట పొడి పని. రెండంగుళాల బ్రష్‌తో దుమ్ము రాల్చండి, వ్యాక్యూమ్ ఉంటే పక్కనే పట్టుకోండి. నిజానికి నగరంలోనే తిరిగే, లీకుల్లేని బండికి ఈ పొడి బ్రష్, తర్వాత తడిగుడ్డ సరిపోతాయి. గ్రీజు జిడ్డు ఉంటేనే తర్వాతి అంచెలు.

మామూలు మురికికి లీటరు నీళ్ళలో 100 మి.లీ. క్లీనర్. గడ్డకట్టిన జిడ్డుకు 800 మి.లీ. నీళ్ళలో 200 మి.లీ. హ్యాచ్‌బ్యాక్‌కు కలిపిన ద్రావణం ఒక లీటరు దాటదు. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి.

కింది నుంచి పైకి చల్లండి, పై నుంచి కిందికి కడగండి. పై నుంచి చల్లితే క్లీనర్ చారలుగా జారి, పొడిగా ఉన్న చోట మరకలు పడతాయి. ఒకేసారి మొత్తం చల్లకుండా మూడు భాగాలుగా చేసుకోండి: ఎడమ, కుడి, మధ్య. చల్లాక మూడు నుంచి ఐదు నిమిషాలు నాననిచ్చి బ్రష్ తిప్పండి. ఆరనివ్వకూడదు. ఆరుతున్నట్టు కనిపిస్తే కాస్త నీళ్ళు చల్లండి.

కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడింపులు), వైర్ల కట్టలు ఉన్నచోట నేరుగా చల్లకండి. క్లీనర్‌ను బ్రష్ మీదో గుడ్డ మీదో వేసుకుని తుడవండి. బెల్టుల మీద ఏదీ పడనివ్వకండి.

కడగడానికి చేతి పంపు స్ప్రేయర్ చాలు. మొత్తం నాలుగైదు లీటర్ల నీళ్ళు. ప్రెషర్ వాషర్ ఇక్కడికి తీసుకురాకండి. ఇంట్లో వాడే మిషను కూడా 100 బార్ పైన కొడుతుంది. కప్లర్ల రబ్బరు సీళ్ళు వాన జల్లును తట్టుకుంటాయి గానీ అంత దెబ్బను తట్టుకోలేవు. నీరు లోపలికి పోయాక అదే సీలు దాన్ని బయటికి రానివ్వదు. నెల తర్వాత పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగితే, ఆ రోజు కడుగుడుకూ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

రేడియేటర్, ఏసీ కండెన్సర్ రెక్కలు వేలు తగిలితే వంగేంత పలచన. ముందు వైపు నుంచి కొడితే చచ్చిన పురుగులు, దుమ్ము ఇంకా లోపలికి దిగుతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో, రెక్కల సందుల్లోకి నేరుగా నీళ్ళు పోయండి. నెల్లూరు, తిరుపతి దారిలో రాత్రిపూట తిరిగే బళ్ళలో ఈ పురుగులు బాగా పేరుకుంటాయి. ఏసీ చల్లదనం తగ్గిందని గ్యాస్ నింపించే ముందు ఇది ఒకసారి చేసి చూడండి.

బానెట్ లోపలి వైపు అతికించి ఉండే మందపాటి ఫెల్టు పొరను తడపకండి. ఆరడానికి రోజులు పడుతుంది. వ్యాక్యూమ్ చాలు.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా పొడి కడితే ఒక కప్పు నీళ్ళలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి టూత్ బ్రష్‌తో రుద్దండి. బుసబుసా పొంగి ఆగాక తడిగుడ్డతో తుడవండి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల సందుల్లోకి పోకూడదు. 6వ అంచెలో టెర్మినల్ బిగించాక పైన పలచగా వాజలీన్ రాయండి.

6. ఆరబెట్టి స్టార్ట్ చేయడం

ఇంజన్ చెడేది కడిగేటప్పుడు కాదు, తొందరపడి స్టార్ట్ చేసేటప్పుడు. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి దానంతటదే ఆరుతుందని వదిలేయకండి.

- బ్లోయర్‌తో కాయిళ్ళ చుట్టూ, కప్లర్ల మీద, ఆల్టర్నేటర్ పక్కన గాలి కొట్టండి
- గుడ్డతో అందినచోటల్లా తుడవండి
- కవర్లన్నీ విప్పి, టేపు మీద రాసిన సంఖ్యతో సరిచూడండి
- బానెట్ ఎత్తి గంటసేపు వదలండి
- బెల్టుల దగ్గర గుడ్డ, బ్రష్, స్పానర్ ఏదీ మిగల్లేదని చూడండి
- నెగటివ్ టెర్మినల్ బిగించి స్టార్ట్ చేసి, బానెట్ తెరిచే ఉంచి 10 నుంచి 15 నిమిషాలు నడవనివ్వండి

కాస్త ఆవిరి వస్తే భయపడకండి. ఏసీ వేస్తే బండి కింద కారే తేట నీళ్ళూ మామూలే.

నల్లగా మెరిపించే డ్రెస్సింగ్ పూయాలా? అక్కర్లేదు. ఇష్టమైతే నీళ్ళ ఆధారమైనది గుడ్డకు రాసి ప్లాస్టిక్ మీద మాత్రమే పూయండి. సిలికాన్ స్ప్రే గాలిలో ఎగిరి బెల్టు మీద పడితే జారడం, కీచుమనడం మొదలవుతుంది. అది లేని తలనొప్పి తెచ్చుకోవడమే.

7. స్టార్ట్ కాకపోతే, వణికితే

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: ముందు గాలి నోటి కవరు తీశారా చూడండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తెరవండి. తడిసి ఉంటే తీసి ఆరబెట్టండి, లేదా మార్చండి.

స్టార్ట్ అయింది గానీ వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటోంది: ప్లగ్గు గుంటలో నీరు చేరింది. ఇంజన్ ఆపి, చల్లారాక కాయిల్ ఒక్కొక్కటే పైకి లాగి గుంటలోకి లైటు వేసి చూడండి. నీళ్ళుంటే గాలి కొట్టండి, గుడ్డ పేలికతో అద్దండి. అదే పరిస్థితిలో బండి నడిపితే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుద్ధి చేసే భాగం) పోయి దాన్ని కాల్చేస్తుంది. లైటు మిణుకుతుంటే రోడ్డెక్కకండి.

బెల్టు కీచుమంటోంది: తడి అయితే ఐదు నిమిషాల్లో ఆగుతుంది. ఆగకపోతే క్లీనరో సిలికానో పడింది. మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. దాని మీద నూనె స్ప్రేలు కొట్టకండి.

సెల్ఫే తిరగడం లేదు: టెర్మినల్ బిగుతు, ఫ్యూజ్ బాక్స్‌లో తడి. ఈ రెండూ చూశాకే మెకానిక్‌ను పిలవండి.

8. బండి కింద

ముందు ప్రాణం సంగతి. స్టెప్నీ మార్చడానికి కంపెనీ ఇచ్చే జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు. ఇటుకలు, రాళ్ళు స్టాండ్లు కావు. గట్టి సమతల నేల, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు, మాన్యువల్‌లో చూపిన జాకింగ్ పాయింట్లు, రెండు వైపులా జాక్ స్టాండ్లు. ఎత్తాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఇవేవీ లేకపోతే దూరే పని పెట్టుకోకుండా వంకర లాన్స్‌తో నాలుగు పక్కల నుంచీ కడగండి. చాలా బళ్ళకు అది సరిపోతుంది. ఏడాదికోసారి లిఫ్టు ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళండి.

సైలెన్సర్ చల్లారడానికి గంట కావాలి.

పని చేసే వరుస:

(అ) ముందు తడపండి. తక్కువ ధారతో అడుగంతా తడిపి 10 నిమిషాలు వదలండి. ఎండిన వరద బురద సిమెంటులా ఉంటుంది. నానకుండా ప్రెషర్ కొడితే పెళ్ళలు ఊడి ఇంకో సందులోకి పోయి ఇరుక్కుంటాయి, అంతే.

(ఆ) చక్రాల గూళ్ళు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి ముందు గూళ్ళు, తర్వాత రెండో వైపు. ఫెండర్ అంచు లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడతలోకి గ్లౌజు వేసిన వేలు పెట్టి చుట్టూ తిప్పండి. పైకి శుభ్రంగా కనిపించే బండిలో కూడా అక్కడి నుంచి నల్లటి ముద్ద వస్తుంది. తుప్పు మొదట పట్టేది ఇక్కడే.

(ఇ) అడుగు మొత్తం. ముందు నుంచి వెనక్కి రండి. నాజిల్ కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలి, ఒకేచోట నిలపకూడదు. ఇంటి ప్రెషర్ వాషర్ నిమిషానికి 5 నుంచి 7 లీటర్లు పోస్తుంది. పది నిమిషాల పని అనుకోండి. బురద ఎక్కువుంటే క్లీనర్ చల్లి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, రెండో విడత కడగండి.

దగ్గరగా కొట్టకూడనివి:

- యాక్సిల్ బూట్లు (యాక్సిల్ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్ రబ్బర్లు
- చక్రాల బేరింగ్ సీళ్ళు, ఏబీఎస్ సెన్సర్ వైర్లు
- బ్రేక్, ఫ్యూయల్ లైన్ల క్లిప్పులు
- వెనక ఆక్సిజన్ సెన్సర్
- ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ కప్లర్లు

యాక్సిల్ బూటు చీలి చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే దాన్ని కడగకండి. లోపలికి నీరు పోతే జాయింటే పోతుంది. ముందు బూటు మార్పించండి.

(ఈ) సందులు, రంధ్రాలు. ఈ గైడులో ఒక్క అంచె మాత్రమే శ్రద్ధగా చేస్తామంటే ఇది చేయండి. తలుపుల కింద పొడవునా ఉండే సిల్ లోపల బోలుగా ఉంటుంది. అడుగున నీళ్ళు కారడానికి చిన్న రంధ్రాలుంటాయి. తలుపుల కింది అంచుకూ ఉంటాయి. బురదతో అవి మూసుకుంటే సిల్ లోపలి నుంచి తుప్పు తింటుంది. బయటికి కనిపించేసరికి వెల్డింగ్ తప్ప దారి ఉండదు. కేబుల్ టై కొన రంధ్రంలో దూర్చి ఆడించండి. స్క్రూడ్రైవర్ వద్దు, అంచున పెయింటు గీసుకుపోయి తుప్పుకు మీరే తలుపు తెరిచినట్టవుతుంది. అడ్డం తొలగగానే ముందు టీ రంగు నీళ్ళు, సన్నటి ఇసుక వస్తాయి. తక్కువ ధారతో నీళ్ళు పంపుతూ ఉండండి. కారేవి తేటగా వచ్చేదాకా ఆపకండి.

హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక చక్రాలను కలిపే అడ్డ బీము చాలావాటికి ఒక వైపు తెరుచుకుని కాలవలా ఉంటుంది. దాని నిండా బురద ఉంటుంది. ముందు క్రాస్ మెంబర్ రంధ్రాలు, ఇంధన ట్యాంకు పట్టీల పైభాగం, ఇంజన్ కింద ప్లాస్టిక్ గార్డు లోపల కూడా చూడండి. గార్డు విప్పితే క్లిప్పులు ఒకటో రెండో విరుగుతాయి. విడిభాగాల బజార్లైన పుదుప్పేటలోనో జీపీ రోడ్డులోనో విడిగా దొరుకుతాయి, ముందే నాలుగు తెచ్చుకోండి.

(ఉ) చివరి కడుగు. మంచినీళ్ళతో, ప్రెషర్ లేకుండా, తీరిగ్గా. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది కాబట్టి దాన్ని దెబ్బకొట్టి ఊడగొట్టాల్సిన పని లేదు, నీళ్ళు పారాలి.

(ఊ) ఆరబెట్టడం. కడిగిన వెంటనే కవరు కప్పకండి. నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, వెనక బళ్ళు లేనప్పుడు బ్రేకు పదిసార్లు మెల్లగా నొక్కండి. డిస్కుల మీద వచ్చే పసుపు తుప్పు దానంతటదే పోతుంది. వెనక డ్రమ్ బ్రేకులున్న బండికి ఆ రాత్రి హ్యాండ్ బ్రేకు వేయకండి, తడికి పట్టేస్తుంది. గేరులో ఉంచి చక్రానికి చెక్క పెట్టండి.

కడిగాక అడుగున డీజిల్ గానీ పాత ఇంజన్ ఆయిల్ గానీ కొట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. నల్లగా నిగనిగలాడుతుంది, రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి, వారంలో దుమ్మంతా అంటుకుంటుంది. ముందే వద్దని చెప్పండి.

9. తుప్పు కనిపిస్తే

రెండు రోజులు ఆరాక మళ్ళీ చూడండి. కడిగిన రోజు అంతా బాగానే కనిపిస్తుంది.

పైపైన ఎర్రగా ఉంటే వైరు బ్రష్, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు, పొడిగుడ్డతో తుడుపు. గుంటల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రావణం) రాసి డబ్బా మీద చెప్పినంతసేపు వదలండి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, పెయింటు.

పొరలు పొరలుగా ఊడుతుంటే, స్క్రూడ్రైవర్ పిడితో తడితే డొల్లగా మోగితే, పెయింటు దాన్ని ఆపదు. బాడీ షాపుకు తీసుకెళ్ళండి. జాకింగ్ పాయింటు దగ్గర, సస్పెన్షన్ బిగించిన చోట అలా ఉంటే ఆలస్యం చేయకండి.

అండర్‌బాడీ కోటింగ్ మంచిదే, కానీ బురద మీద, తుప్పు మీద, తడి మీద కొడితే లేనిదానికంటే చెడ్డది. లోపల తేమ చిక్కుకుని, పైన నల్లటి పొర చాటున తుప్పు నడుస్తూనే ఉంటుంది. కడిగిన రోజే కోటింగ్ కొడతామనే షాపులో చేయించకండి. సైలెన్సర్, బ్రేకు డిస్కులు, సెన్సర్లు, కదిలే జాయింట్లు, నీళ్ళు కారే రంధ్రాలు: వీటి మీద కోటింగ్ పడకూడదు. కొట్టాక కేబుల్ టైతో ఆ రంధ్రాలన్నీ మళ్ళీ పొడిచి చూడండి.

10. బండి వరదలో నిలిస్తే

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకూ వేళచ్చేరి, పళ్ళికరణై వైపు బళ్ళు గంటల తరబడి నీళ్ళలో నిలిచాయి. అలాంటి బండికి పై పద్ధతి నేరుగా వర్తించదు.

నీళ్ళు కాబిన్ నేల దాటాయంటే స్టార్ట్ చేయకండి, తాళం ఆన్ కూడా చేయకండి. ఇంజన్‌లో నీరుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సాధారణంగా ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీ ఆ నష్టం ఇవ్వదు. నీటిమట్టం గుర్తు కనిపించేలా ఫొటోలు తీసి, బీమా వాళ్ళకు చెప్పి, లాగించుకుని వెళ్ళండి. కడగడం సర్వేయర్ చూశాకే.

నీళ్ళు చక్రంలో సగం లోపే ఆగి, బండి బాగానే నడుస్తుంటే:

- డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఇంజన్ నడపకండి
- ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడండి
- రెండు మూడు రోజుల్లోపే అడుగుభాగం కడగండి, బురద ఎండితే పని మూడింతలు
- వెనక డ్రమ్ములు విప్పించి లోపలి బురద తీయించండి
- మ్యాట్ల కింద ఫెల్టు తడిగా ఉంటే ఎత్తి ఆరబెట్టండి

వరద నీళ్ళలో మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. గ్లౌజులు లేకుండా, చేతి మీద గాయంతో ఈ పని చేయకండి.

11. ఎన్నాళ్ళకోసారి

బానెట్ లోపల పొడి తుడుపు మూడు నెలలకోసారి, క్లీనర్‌తో ఏడాదికోసారి. అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

అడుగుభాగం సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లలో పార్క్ చేసే బండికి నెలకోసారి మంచినీళ్ళ కడుగు. బీచ్ ఇసుకలోకి దించితే ఆ రోజే. మిగతావాళ్ళకు సెప్టెంబరులో ఒకసారి, వానలు వెళ్ళాక జనవరిలో ఒకసారి పూర్తి పని. మధ్యలో నీళ్ళు నిలిచిన రోడ్డు దాటినప్పుడల్లా పైపుతో ఓ పది నిమిషాలు.

12. షెడ్డులో చేయిస్తే ముందే చెప్పాల్సినవి

- బానెట్ లోపల ప్రెషర్ గన్ వద్దు
- ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టాలి
- డీజిల్, పాత ఆయిల్, కాస్టిక్ వద్దు
- లిఫ్టు మీద ఎత్తాక పిలిస్తే వచ్చి చూస్తాను
- సిల్ రంధ్రాల నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా కడగాలి
- డెలివరీకి ముందు గాలి కొట్టి ఆరబెట్టాలి

ఆదివారం పొద్దున షెడ్లు కిటకిటలాడతాయి, ఇవేవీ వినే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారమో బుధవారమో తీసుకెళ్ళండి.